కట్లు విప్పే పని మనది: మత్తుకు చిక్కిన బిడ్డను ప్రార్థనతో, ఇంటి అండతో వెనక్కి తెచ్చుకోవడం ఎలా

బట్టలు నానబెట్టే ముందు జేబులు తడుముతుంటే చేతికేదో తగులుతుంది. నాలుగు మడతలు పెట్టిన వెండిరేకు, ఒకవైపు నల్లగా మాడి ఉంటుంది. లేదంటే సగం ఖాళీ అయిన మాత్రల పట్టీ, ఇంట్లో ఎవరికీ డాక్టరు రాయనిది. ఆ నిమిషంలో ఏ తల్లికైనా రెండే తోస్తాయి: గది తలుపు దబదబా బాదడం, లేదా పాస్టరుగారికి ఫోన్ చేయడం. రెండూ కాసేపు ఆపండి.

ఇలాంటి ఇళ్లకు వెళ్లి కూర్చోవడం నేను మా సంఘంలో చాలా ఏళ్లుగా చేస్తున్న పని. నేను డాక్టర్ని కాను, పాస్టర్ని కూడా కాను. ఏ ఇంటికి వెళ్లినా మొదట యోహాను సువార్త 11వ అధ్యాయం తెరుస్తాను. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. యేసు పిలిచాడు, అతను బయటికొచ్చాడు. ఎలా వచ్చాడో చూడండి: కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టినవి కట్టినట్టే, ముఖానికి రుమాలు చుట్టినది చుట్టినట్టే. అప్పుడు ప్రభువు చుట్టూ నిలబడ్డవాళ్లతో కట్లు విప్పమన్నాడు. చచ్చినవాడిని లేపగలిగినవాడికి గుడ్డపీలికలు విప్పడం ఎంతసేపు? అయినా ఆ పని వాళ్లకే వదిలాడు. పిలిచే పని మీ చేతిలో లేదు, దాని కోసం మోకరించండి. ఈ కింద రాసేదంతా ఆ రెండో పని, విప్పే పని గురించి.

("వాడు" అని రాస్తున్నది రాతలో సౌలభ్యానికే. ఆడపిల్లల విషయంలోనూ అన్నీ ఇంతే. తేడా ఏమిటంటే వాళ్ల సంగతి ఇంట్లో ఇంకా ఎక్కువ కాలం దాస్తారు, అందుకే వైద్యం ఇంకా ఆలస్యమవుతుంది.)

ముందు ఊపిరి చూడండి

బిడ్డ మత్తులో ఉన్నప్పుడు ఏమీ అడగకండి. ఆ రాత్రి మీరెంత ఏడ్చినా, ఎన్ని వాక్యాలు ఎత్తి చెప్పినా, తెల్లారాక వాడికి గుర్తుండేది మీ అరుపు మాత్రమే. ఆ రాత్రి చూడాల్సింది ప్రాణం. తట్టి లేపితే పలుకుతున్నాడా? ఊపిరి ఆగి ఆగి వస్తోందా? గొంతులో నీళ్లు ఆడినట్టు గరగరమంటూ గురక పెడుతున్నాడా? పెదవులు, గోళ్లు నీలంగా మారుతున్నాయా? కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవయ్యాయా? హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మత్తులు మోతాదు మించితే కనిపించే గుర్తులివి. "పడుకోనీలే, తెల్లారితే దిగిపోతుంది" అనుకోవద్దు. వెంటనే అంబులెన్సును పిలవండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పక్కనే ఉండండి.

ఈ జాతి మత్తుకు నలాక్సోన్ అనే విరుగుడు ఉంది. ముక్కులో కొట్టే స్ప్రేగానూ ఇంజెక్షన్‌గానూ వస్తుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. కానీ దాని బలం 30 నుంచి 90 నిమిషాలే. లోపలున్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు కాబట్టి బిడ్డ లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. అక్కడ డాక్టరు అడిగితే ఏం తీసుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు సంగతి రేపు చూసుకోవచ్చు.

ఏ మత్తో కచ్చితంగా తెలుసుకోండి

"డ్రగ్స్ తీసుకుంటున్నాడు" అంటే సరిపోదు. ఒక్కో మత్తు వదిలే తీరు ఒక్కోలా ఉంటుంది, అందులో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. విశ్వాసుల ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటూ ఇక్కడే. ఆదివారం కూటంలో బిడ్డ ముందుకొచ్చి ఏడుస్తాడు, ఈ రోజుతో అన్నీ బంద్ అంటాడు. ఇంటికొచ్చి అన్నీ పారేస్తారు. రెండో రోజు రాత్రి ఫిట్స్.

మద్యం గానీ, అల్ప్రజోలామ్, డయాజిపామ్ వంటి నిద్రమాత్రలు గానీ చాలాకాలంగా ఎక్కువ మోతాదులో వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. మద్యం ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి. దాన్ని దయ్యం అనుకుని గద్దిస్తూ కూర్చున్న ఇల్లొకటి నాకు తెలుసు. అది వైద్యుడు చూడాల్సిన అత్యవసరం. నిద్రమాత్రలనైతే డాక్టరు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

హెరాయిన్ చివరిసారి తీసుకున్న 8 నుంచి 24 గంటల్లో ఒళ్లునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, నిద్రపట్టకపోవడం మొదలై 4 నుంచి 10 రోజులు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి దానివల్ల ప్రాణాపాయం తక్కువే, కానీ నరకం కనిపిస్తుంది, చాలామంది మూడోరోజే వెనక్కి పోతారు. గంజాయి ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదలై రెండు వారాలు, ఒక్కోసారి అంతకుమించి ఉంటాయి. "గంజాయికి ఏమీ అవదు" అనే మాట నమ్మకండి. ఎవరో తనను వెంటాడుతున్నారని భయపడుతుంటే, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కొకెయిన్, మెథ్ (మెథాంఫెటమిన్) లాంటి హుషారెక్కించే మత్తులు ఆపినవాళ్లు రోజంతా నిద్రపోతారు, తర్వాత మనసు పాతాళానికి పడిపోతుంది. ఆ రోజుల్లో చచ్చిపోవాలన్న తలంపు రావచ్చు. ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

సూదితో ఎక్కించుకున్నాడని తెలిస్తే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సి ఇప్పుడు 8 నుంచి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. ఆ రిపోర్టు చూసి ఇల్లు కూలిపోనక్కర్లేదు.

మాట్లాడే పూట ఎంచుకోండి

ఉదయం, నిద్ర లేచి మొహం కడుక్కుని టిఫిన్ చేశాక. ఒక్కరే మాట్లాడండి, తల్లో తండ్రో, వాడికి ఎవరి దగ్గర తక్కువ భయమో వాళ్లు. బాబాయిలూ మేనమామలూ సంఘపెద్దలూ చుట్టూ కూర్చుని నిలదీసే పంచాయితీ పెట్టకండి. 1999లో అమెరికాలో విలియం మిల్లర్, రాబర్ట్ మెయర్స్ బృందం తాగుడుకు బానిసై వైద్యానికి రానంటున్నవాళ్ల కుటుంబాల మీద ఒక అధ్యయనం చేసింది. అందరూ కలిసి నిలదీయడం నేర్చుకున్న కుటుంబాల్లో 30 శాతం మందే తమవాళ్లను వైద్యానికి తేగలిగారు. తెలివిలో ఉన్నప్పుడు దగ్గరికి తీసుకోవడం, మత్తులో ఉన్నప్పుడు దూరం జరగడం, సమయం చూసి అడగడం నేర్చుకున్నవాళ్లలో 64 శాతం మంది తేగలిగారు.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కు. ఒకమ్మ ఇలా మొదలుపెట్టింది: "ఏరా, మేం నీకేం తక్కువ చేశామని? ఆదివారం పాటలు పాడే నోటితో ఈ పాడుపనేంట్రా?" కుర్రాడు తల దించుకుని "సారీ అమ్మా, ఇంకెప్పుడూ చేయను" అన్నాడు. అమ్మ మనసు కుదుటపడింది. వాడు సాయంత్రం మళ్లీ వెళ్లాడు. అందులో జవాబు చెప్పడానికి ప్రశ్నే లేదు, మాటివ్వడం తప్ప వాడికి వేరే దారి మిగల్లేదు.

రెండు వారాల తర్వాత అదే అమ్మ మళ్లీ కూర్చుంది. ఈసారి రేకు కాగితం బల్లమీద పెట్టింది.

"నాన్నా, ఇది నీ జేబులో దొరికింది. తిట్టడానికి పిలవలేదు. నాకు భయంగా ఉంది. ఇది తీసుకుంటే నీకెలా ఉంటుందో చెప్పు."

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏమీ అనిపించదమ్మా. అదే కావాలి నాకు. ఏమీ అనిపించకపోవడం."

ఆమె అప్పుడు ఏడవలేదు. "ఎప్పటినుంచి అంత బరువుగా ఉంది?" అంది.

ఆ ఒక్క ప్రశ్నతో వాళ్లు రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఆఖర్న ఆమె అడిగింది ఒకటే: "రేపు డాక్టరు దగ్గరికి నాతో వస్తావా? ఒక్కసారి." మానేస్తానని ఒట్టు వేయించుకోలేదు. ఒట్లు వద్దు. మత్తుకు అలవాటుపడ్డ మెదడుకు మాట నిలబెట్టుకునే సత్తువ మొదట దెబ్బతింటుంది. తొందరను అదుపుచేసే ముందుమెదడు మామూలు పిల్లల్లోనే పాతికేళ్లు వచ్చేదాకా పూర్తిగా ముదరదు. తాను చేయాలనుకున్నది చేయలేక, ద్వేషించేదే చేస్తున్నానని పౌలు రోమా పత్రిక 7వ అధ్యాయంలో మొత్తుకున్నాడు. బిడ్డకు ఆ అధ్యాయం చూపించండి. అందులో వాడికి తన మొహం కనిపిస్తుంది. పదిమందిలో తిట్టడానికి వాడుకునే వచనాలు ఇంకెప్పుడైనా చూసుకోవచ్చు.

ఏలీయా చెట్టుకింద పడి చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు, రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, మళ్లీ పడుకోనిచ్చింది. అదీ రెండుసార్లు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు

ఈ సంగతి ఇంకా రాయాల్సి రావడం నాకు చిరాకే, అయినా రాస్తాను. లూకా వైద్యుడు, పౌలు వెంట తిరిగినవాడు. మంచి సమరయుడు దెబ్బతిన్నవాడి పక్కన ప్రార్థన చేసి వెళ్లిపోలేదు, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన జంతువు మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్లవాడికి డబ్బు కట్టాడు.

నల్లమందు జాతి మత్తుకు బుప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులున్నాయి. మెదడులో ఆ మత్తు కూర్చునే చోటే ఇవి కూర్చుని, సరైన మోతాదులో ఉంటే తూలకుండా, మళ్లీ కావాలనే లాగుడు లేకుండా చూస్తాయి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాలి. "ఒక మత్తు మాని ఇంకోటి పట్టుకున్నాడు" అని సంఘంలో ఎవరో ఒకరు అంటారు. మధుమేహం ఉన్నవాళ్లు ఇన్సులిన్ తీసుకుంటే ఆ మాట అనరు కదా. నాల్‌ట్రెక్సోన్ అనే ఇంకో మందు మత్తు ఎక్కకుండా అడ్డుపడుతుంది, అయితే ఒంట్లో మత్తు పూర్తిగా పోయాకే మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం: స్వస్థత కూటానికి వెళ్లి వచ్చి మందులు తనంతట తాను ఆపనివ్వకండి. కొన్నాళ్లు మానినవాడి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. మందు ఆపి, మళ్లీ జారి, పాత లెక్కలోనే తీసుకుంటే అదే చావు మోతాదు అవుతుంది. డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు వదిలించే వైద్యం) అయి ఇంటికొచ్చాక, జైలునుంచి విడుదలయ్యాక వచ్చే మొదటి వారాలు అందుకే ప్రమాదకరం. దేవుడు బాగుచేశాడని మీరు నమ్ముతున్నారా, మంచిది. మందు ఆపే మాట డాక్టరు నోట రానివ్వండి. యేసు కూడా బాగైన కుష్ఠురోగిని యాజకుడికి చూపించుకుని రమ్మన్నాడు.

క్రైస్తవ కేంద్రాల్లో చేర్చాలనుకుంటే ముందు మీరే వెళ్లి చూడండి. డాక్టరు వస్తారా, ఎన్నాళ్లకోసారి? వాడుతున్న మందులు కొనసాగిస్తారా? ఇంటివాళ్లు కలవొచ్చా, ఫోన్ చేయొచ్చా? లోపలివాళ్లు తమంతట తాము ఉన్నారా? గొలుసులు, దెబ్బలు, అన్నం ఆపడం, "దయ్యం వదిలించడం" అన్న మాటలు వినిపిస్తే బిడ్డ చేయి పట్టుకుని అక్కణ్నుంచి వచ్చేయండి, గేటు మీద ఎంత పెద్ద సిలువ ఉన్నా సరే.

మంచివీ ఉన్నాయి. 1958లో డేవిడ్ విల్కర్సన్ అనే పల్లెటూరి పాస్టరు న్యూయార్క్ వీధుల్లో ముఠా పిల్లల మధ్యకు వెళ్లాడు. దానిలోంచి పుట్టిన టీన్ ఛాలెంజ్ కేంద్రాల్లో చాలావాటిలో పిల్లలు ఏడాదికి పైగా ఉంటారు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే కూటం, ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలోంచి వచ్చింది. తొలి సభ్యులు యాకోబు పత్రికను ఎంతో ఇష్టంగా చదివేవారు. దాని బాటలోనే 1953లో మత్తుమందులు మానేవాళ్ల కోసం నార్కోటిక్స్ అనానిమస్, 1991లో ఒక సంఘంలోనుంచి సెలబ్రేట్ రికవరీ వచ్చాయి. వీటి పద్ధతులు వేరువేరు గానీ ఒక్క రాత్రిలో అయిపోతుందని ఏదీ చెప్పదు, ఒంటరిగా చేయమనీ ఏదీ చెప్పదు.

భారం మీది, బరువు వాడిది

గలతీ పత్రిక 6వ అధ్యాయం రెండో వచనంలో ఒకని భారములు ఒకడు భరించమంటాడు పౌలు. మూడు వచనాలు దాటగానే ప్రతివాడు తన బరువు తానే మోసుకోవాలంటాడు. గ్రీకులో ఇవి రెండు వేరే మాటలు: మొదటిది "బారె", మనిషిని నలిపేసే భారం. రెండోది "ఫోర్టియోన్", ఎవడి మూట వాడు మోసుకునేది. ఇంట్లో రోజూ తేల్చుకోవాల్సింది ఇదే, ఏది ఏదని.

రాత్రి నిద్రపట్టక అల్లాడుతుంటే పక్కన కూర్చోవడం భారం మోయడం. ఆసుపత్రి ఖర్చు నేరుగా ఆసుపత్రికే కట్టడం, డాక్టరు దగ్గరికి ప్రతి వారం వెంట వెళ్లడం కూడా అంతే. జ్వరమొచ్చిందని కాలేజీకి అబద్ధం చెప్పడం, వాడు చేసిన అప్పు గుట్టుచప్పుడు కాకుండా తీర్చడం, అన్నయ్య గడియారం పోతే "నేనే ఎక్కడో పెట్టానేమో" అనడం వాడి మూటను మీరు ఎత్తుకోవడం. ఆ మూట వాడి భుజం నొక్కితేనే వాడు దారి మార్చుకునేది. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి కొడుకును దూరంనుంచే చూసి పరుగెత్తాడు, నిజమే. కానీ పందులు మేపుకునే చోటికి డబ్బు పంపినట్టు ఎక్కడా లేదు.

నియమాలు కాగితం మీద రాయండి, నాలుగైదు చాలు. ఇంట్లో మత్తు ఉండకూడదు. చేతికి నగదు ఇవ్వం, కావలసింది కొనిస్తాం. రాత్రి ఇన్ని గంటలకల్లా ఇంట్లో ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు తప్పకూడదు. తప్పితే ఏమవుతుందో కూడా రాయండి, మీరు నిజంగా చేయగలిగినదే రాయండి. "ఇంట్లోంచి గెంటేస్తా" అని ఏడుసార్లు అని ఒక్కసారీ చేయని ఇంట్లో ఏ మాటకూ విలువుండదు. తల్లీతండ్రీ ఆ కాగితం మీద ముందు ఒక మాట మీదికి రావాలి. నాన్న కాదన్న డబ్బు అమ్మ పోపులడబ్బాలోంచి తీసివ్వడం నేను చూసిన ప్రతి మూడో ఇంట్లోనూ ఉంది. డబ్బు, నగలు, ఇంట్లోవాళ్ల మందులు తాళం వేసి పెట్టండి, అనుమానంతో కాదు, అగ్గిపెట్టె పసివాడికి అందకుండా పెట్టినట్టు. చేయి చేసుకునే పరిస్థితి వస్తే మాత్రం పక్కింటివాళ్లను, అవసరమైతే పోలీసులను పిలవండి. దెబ్బలు ఓర్చుకోవడం ప్రేమ లెక్కలోకి రాదు.

పెద్దకొడుకును మరచిపోకండి. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి అతని కోసం కూడా బయటికి వెళ్లి బతిమాలాడు. మీ ఇంట్లో బాగా చదువుకుంటూ, ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగే ఇంకో బిడ్డ ఉండొచ్చు. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఆ బిడ్డకే ఇవ్వండి, ఆ పూట మత్తుకు చిక్కినవాడి మాట ఎత్తొద్దు.

రోజూ చేసే భక్తి చిన్నదిగా ఉండాలి

నలభై రోజుల ఉపవాసం మీరు చేసుకోండి, మానేస్తున్న పిల్లవాడి మీద పెట్టకండి. మొదటి వారాల్లో వాడి ఒంటికి అన్నం, నిద్ర కావాలి. వాడికి పొద్దున పది నిమిషాలు, ఒక కీర్తన, ఒక వాక్య ప్రార్థన చాలు. 40వ కీర్తనతో మొదలుపెట్టండి, ఊబిలోంచి పైకెత్తబడ్డవాడి పాట అది.

కుటుంబ ప్రార్థనలో ఒక జాగ్రత్త. "ప్రభువా, ఈ మొండివాడి మనసు మార్చయ్యా" అని వాడు పక్కనుండగా చేసే ప్రార్థన కళ్లు మూసుకుని తిట్టడమే. వాడి పేరెత్తితే కృతజ్ఞత చెప్పడానికే ఎత్తండి: "ఈ రోజు మాతో కలిసి భోంచేశాడు, స్తోత్రం." మిగతాది మీ గదిలో, తలుపు వేసుకుని.

లాగుడు వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే మాట్లాడుకుని పెట్టుకోండి. అది అలలా లేస్తుంది, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాల్లో తగ్గుతుంది. ఆ అరగంట దాటించడమే పని. ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉన్నాడా, అలసిపోయాడా అని ముందు చూడాలి. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది, దాని సంగతి చూస్తే సగం దిగుతుంది. తర్వాత చోటు మారాలి: గదిలోంచి వసారాలోకి, ఇంట్లోంచి బయటికి, తోడుతో. నోటికి ఒక మాట ఉండాలి. 70వ కీర్తన మొదటి వచనం, "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము." అయిదో శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి, ఈజిప్టు ఎడారిలోని సాధువులు ప్రతి శోధనలోనూ ఈ మాటే పట్టుకునేవారని రాసిపెట్టాడు. పదహారు వందల ఏళ్లుగా జనం వాడిన మాట, చిన్నది, వణికే నోటికి కూడా పలుకుతుంది.

ఇంకొకటి, రాత్రి ఎన్ని గంటలకైనా ఫోన్ చేయగల ఒక మనిషి. మీ తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకొని ఒకరికోసం ఒకరు ప్రార్థించమన్న యాకోబు మాట వందమంది ముందు కాదు, ఒకరితో. ఆ మనిషి మీరు కాకపోతే మంచిది. ఇదివరకు ఇదే ఊబిలో దిగి బయటపడ్డవాడైతే ఇంకా మంచిది. వాళ్లేం మాట్లాడుకున్నారో మీరు అడగకూడదు.

సంఘాన్ని ఏం అడగాలి, ఏం అడగకూడదు

నా తప్పొకటి చెబుతాను. ఒక అబ్బాయి మానేసి మూడు నెలలైంది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పట్టుబట్టింది నేనే. బాగా చెప్పాడు. చప్పట్లు, కన్నీళ్లు, పెద్దలంతా వచ్చి కౌగలించుకున్నారు. బుధవారం మళ్లీ తీసుకున్నాడు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఆ వేదిక మీద నుంచి దిగడానికి మేం వాడికి మెట్లు ఉంచలేదు. అయిదు నెలలు దాచాడు. అప్పటినుంచి ఏడాది నిండనివాళ్లను నేను మైకు దగ్గరికి పిలవను, పిలిచేవాళ్లకు అడ్డుపడతాను.

పాస్టరుగారిని, నమ్మకమైన ఇద్దరు ముగ్గురిని అడగాల్సినవి వేరు. గుట్టు కాపాడమని. ప్రార్థన విన్నపాల పేరుతో సంగతి ఊరంతా పాకకుండా చూడమని. సాయంత్రాలు తోడు ఇవ్వమని, ఎందుకంటే పాత స్నేహితులు పిలిచేది అప్పుడే. వాడి చేతికి ఒక పని ఇవ్వమని: కుర్చీలు వేయడం, సౌండ్ బాక్సులు సర్దడం, ముసలివాళ్లను ఇంటికి దింపడం. కానుకల పెట్టె మాత్రం ఇంకా వద్దు, వాడిని శోధనలో పడేయకండి. అపవిత్రాత్మ వెళ్లిపోయాక ఇల్లు ఊడ్చి, అలంకరించి, ఖాళీగా ఉంచితే ఏడు తోడు తెచ్చుకుని తిరిగొచ్చిందని మత్తయి 12లో ఉంది. మానేసినవాడి సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆ ఖాళీ ఇల్లే. పాత నంబర్లు తీసేసి సిమ్ మార్చినా, ఆ నాలుగు గంటలు దేనితో నింపుతారన్నదే అసలు ప్రశ్న.

మళ్లీ జారితే

జారకపోవచ్చు. కానీ జారొచ్చు అనుకునే సిద్ధపడండి. అమెరికాలో మత్తు వ్యసనాలపై పరిశోధన చేసే జాతీయ సంస్థ చెప్పే లెక్క ప్రకారం వైద్యం తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ వాడతారు. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే లెక్కా దాదాపు ఇంతే. బీపీ పెరిగితే వైద్యం పనిచేయలేదని మందులు విసిరికొట్టం, మోతాదు మారుస్తాం.

ఆ రోజు చేయాల్సిన పనుల వరుస: ప్రాణం క్షేమమా చూడాలి. రేపు డాక్టరుకు చెప్పాలి. కాగితం మీద రాసుకున్న నియమం ప్రకారం జరగాల్సింది జరగాలి, అరుపుల్లేకుండా. తర్వాత ముందురోజు సాయంత్రం నుంచి గంటగంటకూ ఏం జరిగిందో వాడితో కలిసి వెనక్కి నడవాలి: ఎవరు ఫోన్ చేశారు, ఏ దారిన వెళ్లాడు, ఎక్కడ ఆగి ఉండొచ్చు. "అంతా పాయె, మొదటికొచ్చింది" అనకండి. మొదటికి రాలేదు. ఇన్నాళ్లు మానగలిగిన శరీరం అది. బేత్సయిదాలో గుడ్డివాడిని యేసు ఒకసారి ముట్టితే మనుషులు చెట్లలా కనిపించారు, రెండోసారి ముట్టాక కదా తేటగా చూశాడు. స్వయంగా ప్రభువు చేతికింద కూడా ఒకడికి రెండుసార్లు పట్టింది.

మీ సంగతి

మార్కు 9లో కొడుకును తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం చేయమని అరిచాడు. అంతకన్నా నిజాయితీ గల ప్రార్థన నేను వినలేదు, మీకూ అది సరిపోతుంది. నిద్రపోండి. మీ మాత్రలు మీరు వేసుకోండి. "నీ గారాబం వల్లే", "మీ కోపం వల్లే" అని భార్యాభర్తలు ఒకరినొకరు తవ్వుకునే రాత్రులు బిడ్డ గోడ అవతల వింటూనే ఉంటాడు. బానిసైనవాళ్ల ఇంటివాళ్ల కోసం కూటాలు వేరే ఉన్నాయి, 1951లో మొదలైన అల్-అనాన్ వాటిలో పాతది. అక్కడ ఒక గంట కూర్చుంటే, మీ ఇంట్లో మాత్రమే జరుగుతోందనుకున్నది పది ఇళ్లలో జరుగుతోందని తెలుస్తుంది.

నమ్మకం చిల్లరగా తిరిగివ్వండి

ఆరు నెలలు బాగున్నాడని బ్యాంకు కార్డు చేతిలో పెట్టకండి, అలాగని రెండేళ్లయినా జేబులు తడమకండి. మొదట ఒక చిన్న పని, కొంచెం డబ్బు, తక్కువ సమయం. అది సరిగ్గా జరిగితే ఇంకాస్త పెద్దది. తాళంచెవి, ఫోను, రాత్రి పది దాటే అనుమతి, ఒక్కోటీ ఒక్కో నెల. ఏ మెట్టు మీద ఉన్నారో వాడికి తెలిసుండాలి, తర్వాతి మెట్టు ఏమిటో కూడా.

ఆ రేకు కాగితం అమ్మ ఏడో నెలలో కొడుకును మందుల షాపుకు పంపింది, వాళ్ల నాన్న బీపీ మాత్రలకు. ఇరవై నిమిషాల పని, ముప్పై అయిదు నిమిషాలైంది. ఆమె వాకిట్లో నిలబడలేదు, వంటింట్లోనే ఉండి అంట్లు తోముతూ ఉంది, తోమినవే మళ్లీ తోమిందట. వాడొచ్చి మాత్రలు, మిగిలిన చిల్లర, బిల్లు గట్టు మీద పెట్టి, "అక్కడ జనం ఉన్నారమ్మా" అన్నాడు. మీ ఇంట్లో ఆ రోజు వచ్చినప్పుడు బిల్లు అడగకండి. వాడు పెడితే తీసుకుని డబ్బాలో వేయండి, వాడు చూస్తుండగా లెక్కపెట్టకండి.